తొడుక్కున్న గడియారం, తొడిగిన గడియారం

ఒక వస్తువు ఉపయోగకరమా కాదా అని అడగటం తేలిక. జవాబు చెప్పటం కూడా తేలికే. కత్తి ఉపయోగకరం, కావిడి ఉపయోగకరం, కళ్ళద్దాలు ఉపయోగకరం. ఐతే ఈ జవాబులన్నిటిలోనూ ఒక మాట లోపిస్తున్నది. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనక నాకది విభక్తి లోపంలాగా కనబడుతుంది. "ఎవరి కొరకు" అనే చతుర్థి లేకుండా ఉపయోగం అనే మాటకు అన్వయం కుదరదు. ఈ మధ్య మనుషులు ఒంటిమీద తొడుక్కుంటున్న కంప్యూటర్లను గురించి పత్రికల్లోనూ ప్రకటనల్లోనూ వస్తున్న పొగడ్తలన్నీ ఈ చతుర్థి లేని వాక్యాలే. అవి నిత్యజీవితానికి ఎంతో ఉపయోగమట. ఎవరి నిత్యజీవితానికి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. నా క్లాసులో ఒక విద్యార్థిని వల్ల దొరికింది. ఆ సంగతి చెప్పేముందు నా గడియారం సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కిందట మా తమ్ముడు మొదటి జీతంతో నాకొక చేతి గడియారం కొనిచ్చాడు. టైము చెప్పటం దాని పనుల్లో కడపటిది. అది నా అడుగులు లెక్కబెడుతుంది, గుండె కొట్టుకోవటం లెక్కబెడుతుంది, నిద్రను గంటలుగా విడగొట్టి చూపిస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. గడియారం అడుగున చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. నెత్తురు ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది గనక, నాడి కొట్టుకున్నప్పుడల్లా తిరిగివచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే నాడి లెక్క. చెయ్యి ఊగే తీరును కనిపెట్టి అడుగులు లెక్కగడుతుంది.

రోజూ తెల్లవారుజామున నేను రేణిగుంట స్టేషను రోడ్డు మీద నడుస్తాను. గుంతకల్లు-చెన్నై మార్గమూ, గూడూరు-కాట్పాడి మార్గమూ కలిసే జంక్షను మాది. రాత్రికీ పగటికీ తేడా తెలియని ఊరు. నేను వ్యాయామానికి నడిచే వేళకు పనికోసం నడిచేవాళ్ళు అప్పటికే రోడ్డు మీద ఉంటారు. ఫ్యాక్టరీ బస్సులకోసం ఆడపిల్లలు అన్నం క్యారియర్లు పట్టుకుని నిలబడి ఉంటారు. నేను మణికట్టు చూసుకుంటూ పదివేల అడుగులు పూర్తి చేసేవాణ్ణి. ఆ పదివేలు అనే అంకె ఏ వైద్యశాస్త్రం నుంచి వచ్చిందోనని వెతికితే తేలిందేమిటంటే, 1964 టోక్యో ఒలింపిక్సు తరవాత, 1965లో, జపానులో ఒక కంపెనీ అడుగుల లెక్క యంత్రాన్ని అమ్ముతూ దానికి "పదివేల అడుగుల మీటరు" అని పేరు పెట్టింది. ఒక సరుకు పేరు ప్రపంచానికి ఆరోగ్యసూత్రమై కూర్చున్నది. నడక మంచిదే; ఆ అంకె మాత్రం అంగట్లో పుట్టింది.

ఇది చదివి కొందరు మిత్రులు, "మేం ముందే చెప్పాంగా, ఇవన్నీ బూర్జువా ఆటబొమ్మలు" అనవచ్చు. వాళ్ళతో నేను ఏకీభవించను. మా నాన్న ఇరవై యేళ్ళుగా చక్కెర జబ్బు మనిషి. రాత్రిళ్ళు చెమటలు పట్టి లేచేవాడు, పీడకలలనుకునేవాళ్ళం. డాక్టరు సలహామీద ఆయన జబ్బకు రూపాయి బిళ్ళంత పరికరం అతికించాము. చర్మం కింద వెంట్రుకలాంటి తీగె ఒకటి ఉంచి, రాత్రింబవళ్ళు చక్కెర కొలుస్తుంది. రెండు వారాల గీత చూస్తే సంగతి బయటపడింది: అర్ధరాత్రి దాటాక చక్కెర ప్రమాదకరంగా పడిపోతున్నది. సాయంత్రం ఇన్సులిన్ మోతాదు మార్చారు, చెమటలు పోయాయి. ఇరవై యేళ్ళపాటు వారానికో నెలకో ఒక సూదిపోటుతో తెలుసుకోలేని సంగతిని ఆ బిళ్ళ రెండు వారాల్లో చెప్పింది. ఇది ఆటబొమ్మ అనటం మూర్ఖత్వం. పద్నాలుగు రోజులకు ఒకటి చొప్పున వేలు పోసి అందరూ కొనలేకపోవటం ఆ బిళ్ళ తప్పు కాదు, మన వ్యవస్థ తప్పు. యంత్రాన్ని తిట్టి వ్యవస్థను వదిలెయ్యటం అభ్యుదయ దృష్టి అనిపించుకోదు.

ఇక విద్యార్థిని సంగతి. ఒకరోజు క్లాసు ముగిశాక పిల్లలు నా గడియారం చుట్టూ మూగారు. నేను కొంచెం గర్వంగానే దాని విద్యలన్నీ చూపించాను. చివర నిలబడిన ఒక అమ్మాయి, "అట్లాంటిదే మా అమ్మకి గూడా ఇచ్చినారు సార్" అన్నది. వాళ్ళమ్మ ఒక ఊళ్ళో కాంట్రాక్టరు కింద వీధులు ఊడ్చి, కాలవలు తీసే మనిషి. నేను సంతోషించి, "మీ అమ్మ రోజుకు ఎన్ని అడుగులు నడుస్తుంది?" అని అడిగాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, "అది మాకు చూపీదు సార్. మేస్త్రీ ఫోన్లో కనపడతాది" అన్నది.

తరవాత ఉపకారవేతనం కాగితాలమీద సంతకం కోసం ఆ తల్లే కాలేజీకి వచ్చినప్పుడు మిగతా కథ విన్నాను. గడియారం ఆమె ఎక్కడున్నదో మేస్త్రీ ఫోనులో ఒక చుక్కగా చూపిస్తుంది. చుక్క కదులుతుంటే పని జరుగుతున్నట్టు. చుక్క నిలబడితే మనిషి ఊరికే కూర్చున్నట్టు. ఒకనాడు ఒక సందులో కాలవ పూడిపోయి మురికి రోడ్డెక్కింది. ఆమె గంటన్నర సేపు అక్కడే వంగి, పారతోనూ చేతులతోనూ ఆ పూడిక తీసింది. ఆ గంటన్నర చుక్క కదలలేదు. సాయంత్రం అరపూట కూలి కోశారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇది చేతికుంటే నేనేదో దొంగతనం చేసినట్టుంటాది సార్" అని మాత్రం అన్నది.

ఆ మాట విన్నాక నేను చాలాసేపు ఆలోచించాను. ఆ రోజు ఆమె చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది ఆ కాలవ తియ్యటం. యంత్రం లెక్కలో ఆ పనికి పేరు సోమరితనం. అంతేకాదు, మణికట్టు గడియారాలు చెయ్యి ఊపును బట్టి అడుగులు లెక్కబెడతాయి గదా. రెండు చేతులతో బండి పట్టుకుని తోసేవాళ్ళ నడక వాటికి సరిగా అందదు. చేతులూపుకుంటూ వాహ్యాళికి పోయే నా నడక బాగా అందుతుంది. అంటే ఈ కొలత ఎవరి శరీరాన్ని ఉద్దేశించి తయారయిందో తెలుస్తూనే ఉన్నది. ఒళ్ళు కరిగించుకోవలసిన శరీరాన్ని ఉద్దేశించినది అది. ఒళ్ళు అరిగిపోతున్న శరీరాన్ని కాదు. కొలత తటస్థమైనదనీ, అంకెకు వర్గం లేదనీ మన సైన్సు మాష్టార్లు అంటూ ఉంటారు. అంకెకు లేకపోవచ్చు. ఏది లెక్కబెట్టాలి, ఏది విడిచిపెట్టాలి అనే నిర్ణయానికి మాత్రం వర్గం ఉన్నది.

ఇది ఒక్క తల్లి కథ కాదు. 2019-20 ప్రాంతంలో నాగపూర్, చండీగఢ్ వంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులకు జి.పి.ఎస్. గడియారాలు తొడిగారు, కార్మికులు కొన్నిచోట్ల బహిరంగంగా నిరసించారు. 2018లో అమెరికాలో అమెజాన్ కంపెనీ, గోదాములో కార్మికుడి చెయ్యి ఏ అర దగ్గర ఉన్నదో కనిపెట్టి, తప్పు అరలోకి పోతే అదిరి హెచ్చరించే మణికట్టు పట్టీకి పేటెంటు సంపాదించింది. పేటెంటు పొందినంత మాత్రాన వాడుకలోకి వచ్చినట్టు కాదు. కాని ఒక వర్గం దేన్ని కలగంటున్నదో దాని పేటెంట్లు చెబుతాయి.

చరిత్ర తెలిసినవాళ్ళకు ఇందులో ఒక విచిత్రం కనబడుతుంది. ఇంగ్లండులో ఫ్యాక్టరీలు కొత్తగా వెలసిన కాలంలో యజమానులు పొద్దున గడియారాన్ని ముందుకూ సాయంత్రం వెనక్కూ తిప్పి పనివేళను సాగదీసేవారు. కార్మికుడి దగ్గర సొంత గడియారం ఉంటే ఆ మోసం బయటపడుతుందని, కొన్ని ఫ్యాక్టరీల్లో గడియారం తెచ్చుకోవటాన్నే నిషేధించారు. చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతులు వివరించాడు. భోజన విరామంలో నిమిషాలు కొరుక్కుతినే యజమానులను గురించి అంతకు నూరేళ్ళ ముందే, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల ఆధారంతో, మార్క్సు "పెట్టుబడి"లో రాశాడు. ఆనాటి యజమాని కార్మికుడి గడియారం లాక్కున్నాడు. ఈనాటి యజమాని కార్మికుడికి గడియారం తొడుగుతున్నాడు. పైకి రెండూ పరస్పర విరుద్ధంగా కనబడతాయి. సారం ఒకటే: కాలం లెక్క ఒక్కడి దగ్గరే ఉండాలి.

అసలు ఒంటిమీది కంప్యూటరు పుట్టుకే తమాషా అయినది. 1961లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్ప్ అనే గణితవేత్తా, సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ కలిసి, సిగరెట్టు పెట్టె అంత యంత్రం ఒకటి చేశారు. రూలెట్ అనే జూదంలో చక్రం తిరిగే వేగాన్ని బూటులోని మీటను కాలివేలితో నొక్కి తెలిపితే, బంతి ఏ భాగంలో పడే అవకాశం ఎక్కువో అది లెక్కగట్టి చెవిలో స్వరాలుగా వినిపించేది. లాస్ వేగాస్ జూదశాలలో దాన్ని రహస్యంగా పరీక్షించారు. మనిషి తొడుక్కున్న మొదటి కంప్యూటరు అదేనంటారు. 1985లో ఆ జూదశాలలున్న నెవాడా రాష్ట్రం ఇలాంటి పరికరాలను చట్టం చేసి నిషేధించింది. నేను జూదాన్ని సమర్థించటం లేదు. గమనించవలసిందేమంటే, ఆడేవాడు ఆట పెట్టినవాణ్ణి లెక్కగట్టినప్పుడు అది నేరమయింది. ఆట పెట్టినవాడు ఆడేవాణ్ణి లెక్కగడితే దానికి పేరు మేనేజిమెంటు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉన్నది. దాన్ని దాటవెయ్యటం నిజాయితీ కాదు. వీధి ఊడ్చవలసిన మనిషి రాకపోతే బాధపడేది పేదపేటల జనమే గదా? పేర్లు హాజరుపట్టీలో ఉండి, మనుషులు వీధిలో లేక, ఆ జీతాలు మధ్యవర్తులు మింగటం మన మునిసిపాలిటీలకు కొత్తా? ప్రజల డబ్బుతో జరిగే పనికి లెక్క ఉండవద్దా?

ఉండాలి. మా వీధి కాలవ పూడిపోతే మొదట ఫోను చేసేవాణ్ణి నేనే. కాని లెక్క ఉండాలనటం వేరు, లెక్క ఒకే దిక్కుకు ప్రవహించాలనటం వేరు. కాలవ శుభ్రంగా ఉన్నదా లేదా అన్నది కంటితో చూస్తే తెలుస్తుంది; ఆ వీధిలో ఉండేవాళ్ళను అడిగితే తెలుస్తుంది. పని కొలవటానికి మనిషిని కొలవనక్కరలేదు. పైగా, దొంగ పేర్లు రాసే కాంట్రాక్టరు చేతికి గడియారం లేదు. తట్టలూ చేతితొడుగులూ సకాలంలో ఇచ్చారా, కూలి ఏ తేదీన పడింది, భవిష్యనిధి కట్టారా అని చెప్పే చుక్క ఏ ఫోనులోనూ లేదు. జవాబుదారీతనం మంచిదే ఐతే అది పైనుంచి మొదలు కావాలి. కిందివాడి చేతికి మాత్రమే కట్టిన జవాబుదారీతనాన్ని సంకెల అనాలి.

మన ఉపాధ్యాయవర్గం ఆత్మవిమర్శ చేసుకోవలసిన చోటు కూడా ఇదే. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఫోనులో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. మేం దొంగలమా అని అడిగాము. ఆ తల్లి అన్న మాట కూడా అదే. కాని ఊడ్చేవాళ్ళ చేతికి గడియారం తొడిగినప్పుడు మనం ఏ తీర్మానమూ చెయ్యలేదు. మన గౌరవం గౌరవం, వాళ్ళ గౌరవం క్రమశిక్షణ అని మనకు తెలియకుండానే నమ్ముతున్నామేమో!

ఒకే పరికరం ఒకచోట మేలూ ఇంకొకచోట కీడూ ఎట్లా చేస్తుందో తెలుసుకోవటానికి మా జంక్షను నుంచి బయలుదేరే రైలు పట్టాలే చక్కని పాఠం. పట్టాలను కాపలా కాసే ట్రాక్‌మన్లు సుత్తులూ పానాలూ మోస్తూ మైళ్ళకు మైళ్ళు నడుస్తారు. భారతీయ రైల్వేలో కొంతకాలంగా గస్తీ తిరిగేవాళ్ళకు జి.పి.ఎస్. పరికరాలు ఇస్తున్నారు. అవి మనిషి ఎక్కడున్నాడో అధికారికి చెబుతాయి. "రక్షక్" అని ఇంకొక రకం పరికరం ఉన్నది. రైలు దగ్గరికి వస్తున్నదని రేడియో సంకేతంతో తెలుసుకుని మోగుతుంది. అది రైలు ఎక్కడున్నదో మనిషికి చెబుతుంది. మొదటి దాంట్లో ఆపద మీట కూడా ఉన్నది, పట్టా విరిగితే వెంటనే కబురు పంపవచ్చు. కాబట్టి అది ఒట్టి నిఘా అనను. ఐనా ఈ రెంటిలో ఏది ముందు పుట్టాలి, ఏది ముందు ప్రతి భుజానికీ చేరాలి? రైల్వే భద్రతను సమీక్షించిన అనిల్ కాకోద్కర్ కమిటీ 2012 నివేదికలో, 2007-08 నుంచి 2011 అక్టోబరు వరకు సుమారు 1600 మంది రైల్వే సిబ్బంది పనిలో చనిపోయారని ఉన్నది. ఈ అంకె ముందుంచుకుని ఎవరైనా సరే జవాబు చెప్పవచ్చు. ప్రాణం కాపాడే సంకేతానికీ, హాజరు పట్టే సంకేతానికీ కావలసిన సైన్సు ఒకటే. ఏది ముందు అన్నది సైన్సు నిర్ణయించదు.

దీన్నిబట్టి నాకు తోచిన గీటురాయి ఇది. ఒంటిమీద పెట్టుకున్న యంత్రం చెప్పే లెక్క మొదట ఎవరికి చేరుతున్నది? ఆ లెక్క తప్పని తొడుక్కున్న మనిషి అంటే వినేవాళ్ళున్నారా? కూలికి నష్టం లేకుండా ఆ మనిషి దాన్ని తీసి పక్కన పెట్టగలదా? మా నాన్న జబ్బమీది బిళ్ళ ఈ మూడు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. ఆ తల్లి గడియారం మూడింటిలోనూ ఓడుతుంది.

నా గడియారమో? అది నెగ్గిందని మొదట అనుకున్నాను. తీసివెయ్యగలను, విభేదించగలను. కాని నా నాడి లెక్క నాతోపాటు కంపెనీ యంత్రాల్లో కూడా నిలవ ఉంటున్నది. అంతకంటె లోతైన సంగతి ఇంకొకటి గమనించాను. మోకాలు నొప్పి పుట్టిన రోజు కూడా ఎనిమిదివేల దగ్గర ఆగలేక, ఇంటిముందు అటూ ఇటూ తిరిగి పదివేలు చేశాను. నాకు మేస్త్రీ లేడు గనక నేనే నాకు మేస్త్రీనయ్యాను. ఆ తల్లికి అలవాటు కాని చూపు ఒకటి నాకు ఇష్టంగా అలవాటయింది. మధ్యతరగతి బుద్ధిజీవుల్లో ఇది చిన్న జబ్బు కాదు. స్వచ్ఛందంగా కొలుచుకోవటం అలవాటైనవాడికి ఇతరులను బలవంతంగా కొలవటం తప్పుగా తోచదు.

చట్టం ఏమంటున్నది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని తీర్పిచ్చింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. ఐతే ఉద్యోగ ప్రయోజనాలకోసం, యజమానిని నష్టం నుంచి కాపాడటంకోసం, సమ్మతి అడగకుండానే ఉద్యోగి సమాచారాన్ని వాడుకునే వెసులుబాటు ఆ చట్టంలోనే ఉన్నది. కొనుక్కున్నవాణ్ణి సమ్మతి అడుగుతారు; కూలికి వచ్చినవాణ్ణి అడగనక్కరలేదు. కాబట్టి ఈ పని చట్టానికి వదిలి కూర్చుంటే అయ్యేది కాదు, సంఘాలు చెయ్యవలసినది. గడియారం లెక్క కార్మికురాలికి కూడా కనబడాలనీ, ఒక్క చుక్కను చూసి కూలి కొయ్యరాదనీ, కాలకృత్యాల వేళా భోజనవేళా అది ఆగి ఉండాలనీ అడగటం గొంతెమ్మ కోరిక కాదు. ఎనిమిది గంటల పనిదినం అడిగినప్పుడు కూడా దాన్ని అసాధ్యమన్నారు.

ఇదంతా మాకు దూరపు సంగతి కాదు. 2015లో తిరుపతి పరిసరాల్లో రెండు ఎలక్ట్రానిక్సు పారిశ్రామిక సముదాయాలు ఏర్పడ్డాయి. 2022 సెప్టెంబరులో వాటిలో ఒకదానిలోని లిథియం సెల్లుల ఫ్యాక్టరీని కేంద్రమంత్రి చూడటానికి వచ్చినప్పుడు, ముందు పవర్‌బ్యాంకులకూ, తరవాత ఫోన్లకూ, ఒంటికి తొడుక్కునే పరికరాలకూ సెల్లులు తయారవుతాయని ప్రకటించారు. తెల్లవారుజామున మా రోడ్డుమీద బస్సుకోసం నిలబడే పిల్లలు ఇలాంటి ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళే. వాళ్ళ చేతులు చేసిన వస్తువు వాళ్ళ అమ్మల చేతులకు ఏమై తిరిగి వస్తుందో వాళ్ళు అడిగే రోజు రావాలి. అడగటానికి కావలసిన మాటలు మనం క్లాసుల్లో చెబుతున్నామా?

కాగితాలమీద సంతకమయ్యాక ఆ తల్లి లేచి, నా మణికట్టు వైపు చూసి ఒక ప్రశ్న వేసింది. "మీరు దాన్ని ఇంట్లో పెట్టేసి వస్తే మిమ్మల్నెవరన్నా అడగతారా సార్?"

అడగరు అని చెప్పాను. ఆమె తల ఊపి, తన చెయ్యి కొంగుకింద పెట్టుకుని, మేస్త్రీ ఫోను చేస్తాడేమోనని త్వరగా వెళ్ళిపోయింది.